పేగుపూత వేరు, పేగుల అలజడి వేరు

గుండెజబ్బును గురించి, మధుమేహాన్ని గురించి మనవారు విందులలో సైతం నిస్సంకోచంగా ముచ్చటించుకొంటారు. మలవిసర్జనకు సంబంధించిన బాధలను మాత్రం ఇంటిలోనివారికి కూడ చెప్పుకొనరు. విరేచనాలు పట్టుకొంటే “వేడి చేసింది” అని మజ్జిగ త్రాగుతారు. రక్తం కనిపిస్తే “మొలలై ఉంటాయి” అని సరిపెట్టుకొంటారు. ఈ మౌనంవలన చికిత్సకు అనువైన కాలం కొందరి విషయంలో చేజారిపోతుంది.

పేర్లు ఇంచుమించు ఒకేవిధంగా వినిపించే రెండు రుగ్మతలను ఇక్కడ వేరుచేసి తెలుసుకొనడం అవసరం. ఒకటి ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అనగా ఐ.బి.ఎస్. రెండవది ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, అనగా ఐ.బి.డి. రెండింటిలోను కడుపునొప్పి, విరేచనాలు ఉండవచ్చును. స్వభావంలో మాత్రం ఇవి పూర్తిగా భిన్నమైనవి.

ఐ.బి.ఎస్.లో పేగుగోడకు పుండు పడదు. పేగు కదలికల క్రమం తప్పుతుంది. పేగులనుండి మెదడుకు చేరే నాడీసంకేతాలు తీవ్రమై, ఇతరులకు తెలియనైనా తెలియని కొద్దిపాటి వాయువు కూడ నొప్పిగా తోస్తుంది. పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నంతమాత్రాన ఆ బాధ కల్పితం కాదు. ఇది క్యాన్సరుగా మారదు; ఆయుర్దాయాన్ని తగ్గించదు.

ఐ.బి.డి.లో శరీరాన్ని రక్షించవలసిన రోగనిరోధక వ్యవస్థ పేగుగోడనే గాయపరుస్తుంది. దీనిలో ముఖ్యమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళంలో మొదలై పెద్దపేగు లోపలి పొరలో పైకి వ్యాపిస్తుంది. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు వివరించిన క్రోన్స్ వ్యాధి నోటినుండి గుదము వరకు ఎక్కడైనా రావచ్చును. అది పేగుగోడ మందమంతటికీ ప్రాకి, పేగును ఇరుకు చేయగలదు.

ఇవి పాశ్చాత్యుల జబ్బులనీ, మనకు రావనీ ఒకప్పటి నమ్మకం. బ్రిటన్‌లోని లెస్టర్ ప్రాంతంలో జరిగిన అధ్యయనాలలో అక్కడ స్థిరపడిన దక్షిణాసియావారిలో అల్సరేటివ్ కొలైటిస్ స్థానిక యూరోపియనులలోకంటె ఎక్కువగా కనిపించింది. జన్యువులకు తోడు ఆహారం, పరిసరాలు, పేగులలోని సూక్ష్మజీవులు కూడ ఇందుకు కారణమై ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మలంలో రక్తం, కారణం లేకుండ బరువు తగ్గడం, నిద్రనుండి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల మందగించడం — వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఐ.బి.ఎస్. అని ఊరుకొనరాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష పేగులోని వాపును సూచిస్తుంది. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తే వ్యాధి నిర్ధారణ అవుతుంది.

భారతదేశంలో పుట్టిపెరిగినవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. పేగులకు వచ్చే క్షయ అచ్చంగా క్రోన్స్ వ్యాధిని పోలి ఉంటుంది. క్షయను క్రోన్స్‌గా భ్రమించి స్టెరాయిడ్లు ఇస్తే ప్రమాదం. కనుక మీకు గాని, మీ కుటుంబంలో ఎవరికైనా గాని పూర్వం క్షయ సోకి ఉంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ఐ.బి.ఎస్. చికిత్సలో ఆహారానిది పెద్ద పాత్ర. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కొన్ని పప్పులు, పాలు కొందరికి పడవు. నిపుణుల సలహాతో వాటిని కొద్దివారాలు మాని, ఒక్కొక్కటిగా తిరిగి తిని చూడాలి; జన్మంతా అన్నీ మానుకొననక్కరలేదు. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి తీసివేసి, ఆ నూనెతో తిరగమోత పెట్టుకొంటే రుచి దక్కుతుంది. బాధపెట్టే పిండిపదార్థం నూనెలో కరగదు. ఇసబ్‌గోల్ కూడ పలువురికి మేలు చేస్తుంది.

ఐ.బి.డి.కి పథ్యం ఒక్కటే చాలదు. కొలైటిస్‌కు మెసలమీన్, వ్యాధి ఉద్ధృతిని అణచడానికి కొద్దికాలం స్టెరాయిడ్లు, ఆపై రోగనిరోధకశక్తిని అదుపు చేసే మందులు వాడుతారు. క్రోన్స్ వ్యాధిలో కొందరికిచ్చే మెథోట్రెక్సేట్ మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వంలో లెడర్లీ పరిశోధనాలయంలో సాగిన కృషి ఫలితమని తెలిస్తే మనకు గర్వకారణమే. గర్భం ధరించదలచినవారు మాత్రం దానిని వాడరాదు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ తర్వాత ఇటువంటి జీవసంబంధమైన మందులు మరికొన్ని వచ్చాయి. ఇవి నిద్రాణంగా ఉన్న క్షయను మేల్కొల్పగలవు. కనుక ముందుగా క్షయ పరీక్ష చేయించాలి.

నెమ్మదించిందని మందులు తమంతట తాము మానడం, నొప్పికి ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మ్రింగడం వ్యాధిని తిరగబెట్టించవచ్చును. పెద్దపేగులో ఈ వ్యాధి మొదలైన ఎనిమిదేళ్లకు క్యాన్సరుకై కొలనోస్కోపీ తనిఖీలు ఆరంభించడం పరిపాటి.

యౌవనంలో అడుగిడుతున్న పిల్లలు ఈ బాధలను తల్లిదండ్రులకు చెప్పడానికి మరింత సిగ్గుపడతారు. బిడ్డ చిక్కిపోతున్నా, స్నానాలగదిలో ఎక్కువసేపు గడుపుతున్నా కసరుకొనక, మెల్లగా అడిగి తెలుసుకొనండి. “రక్తం ఏమైనా పడుతున్నదా?” అన్న ఒక్క ప్రశ్న సకాలంలో అడిగితే ఆ బిడ్డ పెద్దపేగును కాపాడినవారు కావచ్చును.