గింజ ఒకరిది, ధర మరొకరిది

పేద దేశం అనగానే ఏమీ లేని దేశం అనుకుంటాం. పంట లేదు, గనులు లేవు, అందుకే బీదరికం అని సరిపెట్టుకుంటాం. ప్రపంచ పటం ముందు పెట్టుకుని చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశాన్నే తీసుకుందాం. ఆఫ్రికాలో బంగారం తీయడంలో అది ముందువరుసలో ఉంది. బాక్సైటు ఉంది, మాంగనీసు ఉంది, సముద్రంలో చమురు ఉంది. అన్నిటికీ మించి కోకో ఉంది. ఘనా, దాని పొరుగునున్న ఐవరీ కోస్ట్ కలిసి ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండిస్తున్నాయి. అయినా 2022 డిసెంబరులో ఘనా ప్రభుత్వం విదేశీ అప్పుల్లో చాలావాటికి వాయిదాలు కట్టలేనని చేతులెత్తేసింది.

ఇన్ని ఉన్నవాడు అప్పులపాలు ఎందుకయ్యాడు? అర్థశాస్త్రం చదివే మిత్రులు దీనికి నాకంటే బాగా జవాబు చెప్పగలరు. నేను సైన్సు విద్యార్థిని, రైతు బిడ్డను. ఒక్క కోకో గింజను పట్టుకుని, చెట్టు నుంచి చాక్లెట్ దాకా అది నడిచే దారిలో డబ్బు ఎక్కడ ఆగిపోతున్నదో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

గింజ ప్రయాణం

కోకో కాయ కొమ్మల చివర కాయదు, చెట్టు మొద్దుకే కాస్తుంది. కాయ పగలగొడితే తెల్లని గుజ్జులో ముప్ఫై నలభై గింజలుంటాయి. వాటిని అరటి ఆకుల కింద కుప్పపోసి ఐదారు రోజులు పులియబెడతారు. ఈస్టులు గుజ్జులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. బాక్టీరియా ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. కుప్ప లోపల వేడి 45 డిగ్రీలు దాటుతుంది. చాక్లెట్ రుచికి పునాది ఇక్కడే పడుతుంది. తర్వాత ఎండబెట్టి తేమను 7, 8 శాతానికి దించాలి. అంటే చాక్లెట్ తయారీలో మొదటి కర్మాగారం రైతు పెరడే. ఆ కర్మాగారానికి బోర్డు లేదు, అందులో పనిచేసే ఆడవాళ్లకు, పిల్లలకు చాలాచోట్ల కూలీ కూడా లేదు.

గింజలు బస్తాలకెక్కి ఓడరేవు చేరతాయి. అక్కడినుంచి చాలా భాగం ఐరోపాకు పోతుంది. నెదర్లాండ్స్‌లో కోకో తోటలు లేవు. అయినా కోకో గింజలు అత్యధికంగా దిగే రేవు ఆమ్‌స్టర్‌డామ్, గింజలను ఆడించే దేశాల్లో నెదర్లాండ్స్‌ది అగ్రస్థానాల్లో ఒకటి. అక్కడ గింజను వేయించి, నూరి, వెన్నను పొడిని వేరుచేస్తారు. పాలు, చక్కెర, రంగుకాగితం, కంపెనీ పేరు చేరాక అది చాక్లెట్ అవుతుంది. చాక్లెట్ అమ్మిన ప్రతి రూపాయిలో కోకో రైతుకు దక్కేది 1980 ప్రాంతంలో 16 పైసలు కాగా, 2015 నాటికి ఆరేడు పైసలకు పడిపోయిందని ఒక అంచనా.

మరి చాక్లెట్ అక్కడే చేసుకోవచ్చు కదా అని అడగవచ్చు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన నోట్లో అంత కమ్మగా కరగడానికి కారణం అదే. ఎండ దేశంలో చాక్లెట్ చేయడం, నిలవ చేయడం, రవాణా చేయడం కష్టం కావడానికి కారణం కూడా అదే. చల్లదనానికి కరెంటు కావాలి, కరెంటుకు పెట్టుబడి కావాలి, పెట్టుబడికి తక్కువ వడ్డీ కావాలి. దీనికి తోడు సంపన్న దేశాలు ముడి గింజను సుంకం లేకుండా రానిచ్చి, అదే గింజ వెన్నగానో పొడిగానో మారి వస్తే సుంకం వేసే పద్ధతి పెట్టుకున్నాయి. ఒప్పందాల వల్ల ఘనాకు, ఐవరీ కోస్ట్‌కు నేడు ఐరోపాలో ఆ సుంకం లేదు. ఒప్పందాలు లేని దేశాలకు ఆ అడ్డు ఇంకా ఉంది. ఈమధ్య ఐవరీ కోస్ట్ గింజలు ఆడించడంలో నెదర్లాండ్స్‌తో పోటీకి వచ్చింది. అయితే ఆ మిల్లుల్లో పెద్దవి ఎక్కువగా బహుళజాతి సంస్థలవే.

కరెంటు ఉన్నా అది ఎవరికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. ఘనా 1960లలో వోల్టా నది మీద అకొసోంబో ఆనకట్ట కట్టింది. ఆ విద్యుత్తులో అత్యధిక భాగం కారుచౌకగా టెమాలోని అల్యూమినియం కర్మాగారానికి పోయింది. అది కైజర్, రెనాల్డ్స్ అనే అమెరికన్ కంపెనీలది. ఘనాలో బాక్సైటు ఉన్నప్పటికీ ఆ కర్మాగారం అల్యూమినాను ఓడల్లో విదేశాల నుంచి తెప్పించుకునేది. ఘనా బాక్సైటు మాత్రం ముడిరాయిగానే ఓడలెక్కి పరాయి దేశాలకు పోయేది!

ఆగగలిగినవాడిదే ధర

రైతు ఇళ్లలో పుట్టినవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ధాన్యం కళ్లంలో ఉన్నరోజు ధర ఉండదు. షావుకారు గోదాములోకి చేరాక ధర వస్తుంది. షావుకారు మనకంటే తెలివైనవాడని కాదు, అతను ఆగగలడు. మా నాన్న ఆగలేడు. ఎరువుల కొట్టు బాకీ, కోత కూలి, నా కాలేజీ ఫీజు అన్నీ ఆ ధాన్యం రాశి మీదే కూచుని ఉంటాయి.

దేశాల మధ్య వ్యాపారంలోనూ ఇదే జరుగుతున్నది. ఉక్కపోత దేశంలో కోకో గింజ ఎక్కువకాలం నిలవదు, బూజు పడుతుంది. ఐరోపా చల్లని గోదాముల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. ధర నిర్ణయమయ్యేది లండన్, న్యూయార్క్ ఎక్స్ఛేంజీలలో. కొనే పెద్ద సంస్థలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. అమ్మే రైతులు లక్షల్లో.

అలాగని ఘనా రైతు చేతులు ముడుచుకు కూచోలేదు. 1879లో టెటే క్వార్షీ అనే ఆయన ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి నాటాడు. కొన్ని దశాబ్దాల్లోనే గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘనా, కోకోలో ప్రపంచానికి మొదటిదయింది. 1937లో బ్రిటిష్ కంపెనీలు పోటీ లేకుండా కొనాలని తమలో తాము కూడబలుక్కున్నాయి. సంగతి తెలిసి రైతులు కోకో అమ్మడం మానేశారు. విదేశీ సరుకు కొనడం కూడా మానేశారు. నెలల తరబడి గింజ కదల్లేదు. చివరకు బ్రిటిష్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని పంపింది, 1938 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. మన స్వదేశీ ఉద్యమం చదివినవాళ్లకు ఇది కొత్త కథ అనిపించదు.

1947లో కోకో మార్కెటింగ్ బోర్డు వచ్చింది. రైతుకు స్థిరమైన ధర ఇవ్వడం దాని లక్ష్యం. కాని వలస పాలనలో బోర్డు మిగులు సొమ్ము లండన్‌లో బ్రిటిష్ పత్రాల రూపంలో ఉండిపోయింది. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం అసలు సమస్య ఆగలేకపోవడమేనని గ్రహించి, టెమా రేవులో కోకో నిలవకు పెద్ద గిడ్డంగులు కట్టింది. అవి అక్కరకు రాకముందే 1965లో ధర కుప్పకూలింది. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఎన్‌క్రుమాను దించేసింది.

ఐవరీ కోస్ట్ కూడా ఆగి చూసింది. 1980ల చివర అధ్యక్షుడు ఊఫ్వే బ్వాన్యీ ధర పెరిగేదాకా అమ్మేది లేదన్నాడు. కాని అప్పటికే మలేషియా, ఇండొనేషియా వంటి దేశాలు కొత్తగా కోకో పండిస్తున్నాయి. కొనేవాళ్లకు లోటు రాలేదు. 1989లో ఆ ప్రభుత్వమే తన రైతుకిచ్చే ధరను సగానికి తగ్గించవలసివచ్చింది. ఒక్కడు ఆగితే పక్కవాడు అమ్ముకుంటాడు. ఇదీ మన మార్కెట్ యార్డుల్లో రోజూ చూసేదే.

2019లో ఘనా, ఐవరీ కోస్ట్ ఏకమై టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇవ్వాలని పట్టుబట్టాయి. కొనేవాళ్లు సరేనన్నారు. ఆ తర్వాత నాణ్యతకు ఇచ్చే వేరే అదనపు సొమ్మును తగ్గించి లెక్క సరిచేసుకున్నారు. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడమంటే ఇదే.

2024లో ధర ఆకాశానికంటింది. వైరస్ తెగుళ్లు, వాతావరణం, తోటలను తవ్వేస్తున్న అక్రమ బంగారు గనులు కలిసి పంటను దెబ్బతీశాయి. డిసెంబరులో న్యూయార్క్ ధర టన్నుకు 12,000 డాలర్లు దాటింది. సెప్టెంబరులో ఘనా రైతుకు ప్రకటించిన ధర 48,000 సెడీలు, అంటే సుమారు 3,000 డాలర్లు. కారణం? చేను మీద ఉండగానే బోర్డు పంటలో చాలా భాగం పాత ధరకు అమ్మేసి ఉంది. 2025లో ఆ ధర మళ్లీ సగానికి పడిపోయింది. పెరిగినప్పుడు లాభం దూరాన ఉన్నవాడిది, పడినప్పుడు నష్టం దగ్గరున్నవాడిది.

ఇంటి దొంగలు

తప్పంతా పరాయివాళ్లదే అనడం నిజాయితీ కాదు. 1980 ప్రాంతంలో ఘనాలో బోర్డు, ప్రభుత్వం, దొంగ మారకపు రేటు కలిసి రైతు వాటాను ఎంతగా మింగేశాయంటే, రైతులు రాత్రిపూట బస్తాలను సరిహద్దు దాటించి ఐవరీ కోస్ట్‌లో అమ్ముకునేవారు. కోకో కోసం అడవులు నరికారు. బడికి పోవలసిన పిల్లలు తోటల్లో కత్తులు పట్టారు. ఇవి కూడా గింజ ధరలో కలిసిన లెక్కలే.

మనకేం సంబంధం?

సంబంధం ఉంది. ముడిసరుకుతో పోలిస్తే యంత్రాల ధర కాలక్రమేణా పెరుగుతూ పోతుందని 1950లో రౌల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేర్వేరుగా చూపించారు. అంటే అదే ట్రాక్టరుకు ఏటేటా మరిన్ని బస్తాలు ఇచ్చుకోవాలన్నమాట. ఆ ప్రెబిష్ నాయకత్వంలో ఐక్యరాజ్య సమితి వాణిజ్య, అభివృద్ధి సమావేశం 1968లో రెండోసారి మన ఢిల్లీలోనే జరిగింది. వర్ధమాన దేశాలు అక్కడ న్యాయమైన ధర అడిగాయి. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.

ఇంకా దగ్గరకు వస్తే, భారతదేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో అంతరపంటగా నిలబడిన ఆ చెట్లకు ధర చెప్పేది కూడా లండన్, న్యూయార్కులే. 2025లో ధర పడిపోగానే ఏలూరు ప్రాంతపు కోకో రైతులు రోడ్డెక్కారు. రాష్ట్ర ప్రభుత్వం కల్పించుకోవలసివచ్చింది. ఘనా రైతు ఎవరో మనకు తెలియదు, కాని అతని తోటలో తెగులు తగిలితే ఇక్కడ ధర లేస్తుంది, అతని పంట పండితే ఇక్కడ పడిపోతుంది. ఒకరి మీద ఒకరిని పోటీకి పెట్టి కొనేవాడు మాత్రం ఒక్కడే.

కనుక జాలి, విరాళాలు కాదు దీనికి మందు. రైతు నాలుగు నెలలు ఆగగలిగే అప్పు కావాలి. గింజ చెడని గిడ్డంగి ఊళ్లోనే కావాలి. గింజను ఆడించే మిల్లులో రైతుకు వాటా కావాలి. అమ్మే దేశాలు ఒకరినొకరు నరుక్కోకుండా ఒక్కమాట మీద నిలబడాలి. వీటిలో చివరిది నాయకుల పని. మధ్య రెండూ మనలాంటి సైన్సు, ఇంజనీరింగు విద్యార్థుల పని కాదా? ఉక్కలో గింజ బూజు పట్టకుండా నిలవ చేయడం, ఎండకు కరగని చాక్లెట్ చేయడం జీవరసాయనశాస్త్రానికి చేతకానివేమీ కావు. ప్రయోగశాలలో ఆ ప్రశ్నలు అడిగేవాడుండాలి. రైతు ఇళ్ల నుంచి వచ్చిన మనం అడగకపోతే, చల్లని గోదాములున్నవాడు ఎందుకు అడుగుతాడు?