పసిగుండెకు మందు మోతాదు

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన పెద్ద దిమ్మ చల్లారడానికి చాలాసేపు పడుతుంది. చిన్న ముక్క త్వరగానే చల్లారిపోతుంది. చిన్న వస్తువుకు బరువుతో పోల్చితే ఉపరితలం ఎక్కువ గదా! ఈ విషయానికీ పసిబిడ్డల మందుకూ సంబంధం ఉన్నది.

పెద్దవారి గుండె విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకొంటుంది. లయ తప్పినప్పుడు కొందరు శిశువులలో ఇది 220 దాటుతుంది. గుండె రక్తంతో నిండడానికి వ్యవధి చాలదు. బిడ్డ పాలు త్రాగక డీలాపడుతుంది. దీనిని అదుపుచేసే మందులున్నవి. చిక్కంతా మోతాదులోనే. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే ఆ మందే లయను చెడగొట్టగలదు.

1923లో విశాఖలో వైద్యకళాశాల తెరిచేనాటికి యంగు సూత్రం వాడుకలో ఉండేది. కాంతి తరంగాల ప్రయోగం చేసిన థామస్ యంగే దీనికీ కర్త. బిడ్డ వయస్సును, దానికి 12 కలపగా వచ్చిన మొత్తంతో భాగించాలి. నాలుగేళ్ళ బిడ్డకు 4/16, అనగా పెద్దల మోతాదులో 25 శాతం.

ఇప్పుడు శరీర వైశాల్యాన్ని చూద్దాం. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోలలో తీసుకొని గుణించి, 3600 చేత భాగించి, వర్గమూలం కట్టాలి. ఇది 1987లో మోస్టెల్లర్ ప్రకటించిన సూత్రం. 100 సెం.మీ., 16 కిలోల బిడ్డకు 0.67 చదరపు మీటర్లు, 170 సెం.మీ., 70 కిలోల మనిషికి 1.82. బరువును బట్టి బిడ్డ 23 శాతమే, వైశాల్యాన్ని బట్టి 37 శాతం! లయను దిద్దే సోటలాల్ మందుకు వైశాల్యాన్నే లెక్కిస్తారు. రెండేళ్ళలోపు వారికి ఇదీ చాలదు. ఆ మందును విసర్జించే మూత్రపిండాలు అప్పటికి పూర్తిగా పరిణతి చెందవు గనుక వయస్సును బట్టి మోతాదును ఇంకా తగ్గిస్తారు.

లెక్క కుదిరినా కొలత తప్పవచ్చు. డిజాక్సిన్ అనే మరో మందు శిశువుల ద్రావణంలో మి.లీ.కు 0.05 మి.గ్రా. ఉంటుంది. ఒక శిశువుకు వైద్యుడు రోజుకు 0.04 మి.గ్రా. నిర్ణయించాడనుకొందాం. అది 0.8 మి.లీ. దశాంశ బిందువు జారి 8 మి.లీ. అయితే 0.4 మి.గ్రా. లోపలికి పోతుంది. పెద్దలు వాడే 0.25 మి.గ్రా. బిళ్ళలు ఒకటిన్నరకు మించి!

అందుచేత వైద్యులు కొద్దితో ఆరంభించి, హృదయ విద్యుల్లేఖనాన్ని, రక్తపరీక్షలను చూస్తూ మోతాదును సవరిస్తారు. తల్లి చెంచాతో గాక, గీతలున్న సిరంజితో మందు కొలవాలి. ఐదారు నెలలకే శిశువు బరువు రెట్టింపవుతుంది; కనుక మళ్ళీ తూచి, మళ్ళీ లెక్కకట్టాలి. బడిలో బిందువు తప్పితే మార్కు పోతుంది. ఇక్కడ పోయేది ప్రాణం.