‘మాయాబజార్’ విందు: అద్భుతమునకు ఆధారమైన అన్నము

అద్భుతరస ప్రధానములైన చలనచిత్రములలో అన్నపానములకు మహిమ నాపాదించుట అనేక దేశములందు కనవచ్చు సంప్రదాయము. 1907లో అమెరికాలో బ్లాక్‌టన్ నిర్మించిన ‘ది హాంటెడ్ హోటల్’ అను చిన్న చిత్రమున కత్తి తనంతట తానే రొట్టెను కోయును. 2001 నాటి జపాను చిత్రము ‘స్పిరిటెడ్ అవే’లో, తమది కాని విందును ఆబగా తిన్న తల్లిదండ్రులు పందులగుదురు. తెలుగున ఈ కోవకు చెందిన ఘట్టములలో అగ్రగణ్యము, 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి ‘మాయాబజార్’లోని ఘటోత్కచుని విందు. ఆ ఘట్టమున అద్భుతము వంటకములందున్నదా, లేక తినుటయందున్నదా అను ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

శశిరేఖాభిమన్యుల వివాహకథ వ్యాసభారతమున లేదు. అది జనశ్రుతిలో పెరిగి, నాటకరంగమున స్థిరపడినది. సురభి నాటక సమాజముల వారు దీనిని రంగస్థల మాయలతో ప్రదర్శించి ప్రజలకు సన్నిహిత మొనర్చిరి. 1936లోనే ఇది చలనచిత్రముగా కూడ వెలువడెను. కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన 1957 నాటి చిత్రము ఈ పరంపరకు పరాకాష్ఠ.

దర్శకుడు తాడిపత్రి ప్రాంతీయుడైనను, ఈ చిత్రమున దిగువ కృష్ణా మండలపు పాలు చాల ఎక్కువ. మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు బందరు నాటకరంగమున ఆరితేరినవాడు. శ్రీకృష్ణ పాత్రధారి నందమూరి తారక రామారావుది గుడివాడ ప్రాంతమందలి నిమ్మకూరు. అభిమన్యు పాత్రధారి అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ చెంతనున్న రామాపురము. సంగీత దర్శకుడు ఘంటసాల జన్మస్థలమైన చౌటపల్లియు ఆ చుట్టుపట్లదే. నృత్యదర్శకుడు పసుమర్తి కృష్ణమూర్తి, దివిసీమకు చేరువనున్న కూచిపూడి వాడు. ఘటోత్కచుడుగా నటించిన ఎస్.వి. రంగారావు నూజివీడున జన్మించెను.

ఇక ఘట్టమును చూతము. ఘటోత్కచుని ఎదుట ఉన్నవి అమృతకలశములు కావు, దివ్యఫలములు కావు. గారెలు, బూరెలు, అప్పడములు, పులిహోర, దప్పళము, పాయసము, లడ్డూలు. ఇవన్నియు తెలుగువారి పెండ్లి విస్తరిలో వడ్డించునవే. మాధవపెద్ది సత్యము గానము చేసిన పాటలో ఈ పేర్లు వినబడుచుండగా ప్రేక్షకునకు నోరూరును; ఆశ్చర్యము కలుగదు. లడ్డూలు తమంతట తామే లేచి రాక్షసుని నోట బడునప్పుడు మాత్రమే ఆశ్చర్యము పుట్టును. అనగా వంటకము పరిచితము, దాని నడక మాత్రమే అపూర్వము. పరిచితమైన వస్తువు లేనిచో ఆ నడకకు విలువ లేదు. ఎరుగని పదార్థము ఎగిరినను, నిలిచినను చూచువానికి భేదము తోచదు కదా.

శర్మ, శాస్త్రుల సంభాషణలోని గోంగూర ప్రస్తావనకును ఇదే సమాధానము. ద్వాపరయుగపు పెండ్లిలో ఆంధ్రుల శాకమునకు ప్రశంస ఎట్లు పొసగునని కొందరు శంకింపవచ్చును. దీనిని కాలవిరుద్ధతా దోషముగా నెంచరాదని మా అభిప్రాయము. కౌరవుల పెండ్లివారిని మన ఊరి పెండ్లివారిగా మార్చుటకు కవి వేసిన ఉపాయమిది. పెండ్లివారు మనవారైనప్పుడే వారి విందు మాయమగుటలో హాస్యము పండును.

ఈ దృష్టి మన సాహిత్యమునకు క్రొత్త కాదు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి వేర్వేరు పదార్థములను వడ్డించును. భక్తుని మహిమను చెప్పుటకు రాయలు వంటింటినే ఆశ్రయించెను. భారతమందలి బకవధ కథతో పోల్చిన మరొక విశేషము తేటపడును. అచట రాక్షసునికై పంపిన బండెడన్నమును భీముడు తినెను. ఇచట పెండ్లివారికై సిద్ధపరచిన అన్నమును భీమసుతుడైన రాక్షసుడు తినుచున్నాడు. తండ్రి భోజనము ఒక ఊరిని కాపాడెను. కుమారుని భోజనము ఒక కన్యను ఇష్టములేని పెండ్లినుండి కాపాడు మాయలో భాగమైనది. తిండిపోతుతనము ధర్మకార్యమగుట ఈ వంశమునకు చెల్లినది.

అయితే, ఈ మాయ ఒక దానిని మరుగుపరచుచున్నది. అది శ్రమ. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డూనే తీసికొందము. సెనగపిండిని జంతికలవలె నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లపు పాకము చేర్చి, నెయ్యి పోయుచు మరల రోట దంచవలెను. తొక్కుడు లడ్డూ అను పేరు అందువలననే వచ్చినది. అట్టి రోటిపోటు నెరిగిన ఊరివారికి, లడ్డూ తనంతట తాను నోటికి వచ్చుట కేవలము వినోదము కాదు, తీరని కోరిక కూడ.

ఆ కోరికకు చారిత్రక కారణములును కలవు. 1832–33 నాటి నందన కరువు ఈ మండలమును పీడించెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాతనే ఈ నేల అన్నపూర్ణ అను పేరునకు తగినదయ్యెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా ప్రకాశం బ్యారేజి పూర్తియైనది ‘మాయాబజార్’ విడుదలైన 1957లోనే. నీరు అన్నమునిచ్చిన ఈ సీమలోనే 1864లో బందరు ఉప్పెన సుమారు ముప్పదివేల మందిని, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది జనులను పొట్టనబెట్టుకొనెను. అప్పుడు చిత్రమందలి కృష్ణుడు, అభిమన్యుడు అయిన రామారావు, నాగేశ్వరరావులు బాధితులకై ఊరూర విరాళములు సేకరించిరి. నిండు విస్తరి శాశ్వతము కాదని ఎరిగిన ప్రజలకే దాని అద్భుతత్వము సంపూర్ణముగా గోచరించును.

కావున ఈ ఘట్టమున అద్భుతమునకు ఆధారము మాయ కాదు, అన్నము. నేటి తరగతులలో దప్పళమనగా నేమని అడుగు విద్యార్థులు కలరు. ఆ పేర్లకు టిప్పణము వ్రాయవలసిన నాడు లడ్డూ ఎగురును గాని, మనసు ఎగురదు. బందరు, గుడివాడ, దివిసీమలందలి వృద్ధులనుండి, వంటవారినుండి పెండ్లి విందుల పదార్థములను, వాని వడ్డన క్రమమును, పేర్ల భేదములను సేకరించుట పరిశోధక విద్యార్థులు వెంటనే చేపట్టదగిన కార్యము. చిత్రము భద్రముగనే యున్నది; 2010లో దానికి రంగులు కూడ అద్దబడినవి. దానిని ఆస్వాదించుటకు వలసిన పదసంపదను భద్రపరచుట మన విధి.