ఒంట్లో క్యాన్సర్.. చేతిలో పెన్ను: బొమ్మల్లో సొంత కథ చెప్పడం ఎలా?

క్యాన్సర్ వచ్చినా ఆయన గీయడం ఆపలేదు. ఆయనే కార్టూనిస్ట్ శేఖర్. సొంతూరు ఉమ్మడి నల్లగొండ జిల్లా సూర్యాపేట. ఆంధ్రజ్యోతిలో పొలిటికల్ కార్టూన్లు వేసేవారు. జబ్బుతో పోరాడుతూనే కులవివక్షపై ‘క్యాస్ట్ క్యాన్సర్’ పుస్తకం తెచ్చారు. తన ఒంట్లోని రోగం పేరునే సమాజంలోని రోగానికి పెట్టారన్నమాట. 2014 మే 19న కన్నుమూశారు.

కార్టూన్ ఒక్క బొమ్మలో తేల్చేస్తుంది. మరి కామిక్? గళ్ల వరుసలో కథ నడిపిస్తుంది. అసలు కిటుకు రెండు గళ్ల మధ్య ఖాళీలోనే ఉంది. ఉదాహరణకి పాలమూరు వలసనే తీసుకోండి. మొదటి గడిలో నాన్న ముంబై బస్సెక్కుతాడు. రెండో గడిలో గోడకు వేలాడుతున్న ఆయన చొక్కా. మధ్యలో ఏం జరిగిందో చదివేవాళ్లే ఊహించుకుంటారు. ‘బెంగ’ అని రాయక్కర్లేదు.

ఇరాన్‌లో గడిచిన తన బాల్యాన్ని మర్జానే సత్రపి ఇలాగే ‘పెర్సెపోలిస్’గా గీశారు. 2000లో మొదటి భాగం వచ్చింది. అందులో రంగుల్లేవు, అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. అయినా ప్రపంచమంతా చదివింది.

మీరూ మొదలుపెట్టొచ్చు. తెల్లకాగితాన్ని నాలుగు గళ్లు చేయండి. ఇంట్లో జరిగిన ఒక్క చిన్న సంఘటన ఎంచుకోండి. ముందు మాటలు రాసి, తర్వాత చుట్టూ బెలూన్ గీయండి. అప్పుడే అక్షరాలు ఇరుక్కోవు.

గీత వంకరగా వచ్చినా పర్లేదు. బొమ్మ కుదిరాకే చెబుదామని ఆగితే, కథ మీలోనే ఉండిపోతుంది.