వార్తల్లో పదం: రేలీ–టేలర్ అస్థిరత

పేలిపోయిన నక్షత్రాల శిథిలాల ఫొటోల్లో చేతివేళ్లలా సాగిన పాయలు కనిపిస్తాయి. చాలావరకు వాటికి కారణం రేలీ–టేలర్ అస్థిరత. లార్డ్ రేలీ 1883లో, జి.ఐ. టేలర్ 1950లో దీన్ని గణితంతో వివరించారు.

అదేమిటో తెలియాలంటే ముందు ఒక నదీముఖం చూద్దాం. దివిసీమలోని హంసలదీవి దగ్గర కృష్ణా నది సముద్రంలో కలుస్తుంది. వరద రోజుల్లో తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు అడుగున ఉంటాయి. గాలో, అలలో కలియబెడితే తప్ప ఆ పొరలు త్వరగా కలవవు. అదే బరువైనది పైన ఉంటే ఆ అమరిక నిలవదు. చిన్న కదలిక చాలు, బరువైనది పాయలుగా కిందికి, తేలికది బుడగలుగా పైకి చొచ్చుకుపోతాయి. ఇదే రేలీ–టేలర్ అస్థిరత.

నక్షత్రంలో జరిగేదీ ఇలాంటిదే. పేలుడు తరంగం బయటి హైడ్రోజన్ పొరలోకి వచ్చాక నెమ్మదిస్తుంది. వెనక వస్తున్న సాంద్ర పదార్థం తన పాత వేగంతోనే ముందున్న పలుచని వాయువులోకి దూరుతుంది.

దీనికి నాకు తెలిసిన గట్టి రుజువు 1987 ఫిబ్రవరిలో కనిపించిన నక్షత్ర పేలుడు (సూపర్‌నోవా) ఎస్‌ఎన్ 1987ఎ. దూరం సుమారు 1.68 లక్షల కాంతి సంవత్సరాలు. మచిలీపట్నం ఆకాశంలో అది దక్షిణ దిగంతం నుంచి 5 డిగ్రీల ఎత్తుకు కూడా రాదు. లోపల పుట్టిన కోబాల్ట్–56 అక్కడే ఉండిపోయి ఉంటే, దాని క్షయం వల్ల వచ్చే ఎక్స్–కిరణాలు బయటపడటానికి ఏడాది దాకా పట్టాలి. ఆగస్టుకే అవి అందాయి! అంటే కోబాల్ట్ బయటి పొరల్లోకి చొచ్చుకొచ్చిందన్నమాట. పేలినా పొరలు వరస తప్పవన్న పాత నమూనా అక్కడితో చెల్లిపోయింది.

కాసియోపియా–ఎ అనే మరో నక్షత్ర శిథిలంలోనైతే, లోతున పుట్టిన ఇనుము కొన్నిచోట్ల సిలికాన్‌ను దాటి బయటి అంచుకు చేరింది.