ఫ్లోటు గిన్నెలోని మట్టం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగాన, పలాస పరిసరాల నుండి ఇచ్ఛాపురం వరకు సముద్రతీరం వెంబడి విస్తరించిన కొబ్బరి, జీడిమామిడి తోటల సీమను ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అనే సంస్కృత పదమే జనుల నోట ఉద్దానమయిందని చెబుతారు. ఆ తోటల నడుమనున్న ఊళ్లకు ఒకప్పుడు పెండ్లివారినైనా, తనిఖీకి వచ్చే అధికారినైనా, ఆసుపత్రికి తరలించవలసిన రోగినైనా మోసుకొని తిరిగిన వాహనాలలో అంబాసిడర్ కారు ఒకటి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసిన ఈ కారు 1950ల చివర రోడ్డెక్కింది. 2014 మే నెలలో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. ఇక మిగిలినవి పాత కార్లు, వాటిని బాగుచేయగల కొద్దిమంది పాత మెకానిక్కులు.

అటువంటి పాత పెట్రోలు కారు టెక్కలికో, పలాసకో పోతూ దారిలో నల్లని పొగ వదలి ఆగిపోయిందనుకుందాం. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన గుప్పుమంటుంది. వెంటనే చాలామంది చేసే పని కార్బురేటర్ కింది మరను తిప్పి పెట్రోలు తగ్గించడం. కారు కదులుతుంది, నాలుగు రోజులకు మళ్లీ ఆగుతుంది. మళ్లీ మర తిప్పుతారు. చివరకు ‘ఇంజను పని అయిపోయింది’ అని ఎవరో తేల్చివేయగా, బండి పాత ఇనుము కింద అమ్ముడుపోతుంది. నిజానికి దోషం ఇంజనులో లేకపోవచ్చు. అది టీ గ్లాసంత గిన్నెలో, అందులోని పెట్రోలు మట్టంలో ఉండవచ్చు.

కార్బురేటర్ చేసే పని గాలిలో తగుపాళ్లలో పెట్రోలును కలిపి ఇంజనుకు అందించడం. అంబాసిడర్లలో విరివిగా కనిపించినది ఎస్.యు. అనే ఆంగ్ల కార్బురేటర్. దాని పక్కన ఒక చిన్న గిన్నె ఉంటుంది. పంపు నుండి వచ్చే పెట్రోలు మొదట ఈ గిన్నెలోకి చేరుతుంది. అందులో తేలే బోలు గుండును ఫ్లోటు అంటారు. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోటు పైకి లేచి, మూతకు బిగించిన రెండు కొమ్ముల మీటను నెట్టుతుంది. ఆ మీట ఒక సూదిని రంధ్రంలోకి నొక్కి, పెట్రోలు రాకను ఆపుతుంది. ఇంజను వాడుకొనేకొద్దీ మట్టం దిగుతుంది, సూది జారుతుంది, మళ్లీ పెట్రోలు వస్తుంది. ఇళ్లపై నీళ్ల ట్యాంకులోని బంతికుళాయి చేసే పని కూడా ఇదే.

గిన్నె, రంధ్రం, ద్రవపు మట్టం: ఈ మూడింటి సంబంధం మనవారికి కొత్తది కాదు. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీటిపై తేలవిడిచి, అది నిండి మునగడానికి పట్టే కాలాన్ని గడియగా లెక్కించారు పూర్వులు. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదయితే ముహూర్తమే తప్పేది.

ఫ్లోటు గిన్నె అడుగు నుండి ఒక మార్గం జెట్టు అనే సన్నని గొట్టానికి పోతుంది. కలిసి ఉన్న పాత్రలలో ద్రవం ఒకే మట్టంలో నిలుస్తుంది గనుక, గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తున ఉంటే జెట్టులోనూ అంతే ఎత్తున ఉంటుంది. అది జెట్టు కొనకు కొద్దిగా దిగువన ఉండాలి. అక్కడి నుండి గాలి ఒరవడి దానిని పైకి లాగుకొంటుంది. మట్టం ఎక్కువైతే అవసరానికి మించి పెట్రోలు పోతుంది. స్పార్కు ప్లగ్గులకు మసి పడుతుంది, వేడి ఇంజను తిరిగి స్టార్టు కాదు, మరీ మీరితే పెట్రోలు వేడి లోహంపై చిమ్మి నిప్పంటుకొనే ప్రమాదం ఉంది. తక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసిస్తుంది, కార్బురేటర్ తుమ్ముతుంది, ఇంజను వేడెక్కుతుంది.

మట్టం ఎందుకు మారుతుంది? సూదికి అరుగుదల పడటం మొదటి కారణం. ఫ్లోటుకు చిల్లిపడి అందులోకి పెట్రోలు దూరి, అది బరువెక్కి మునగడం మరొకటి. ఉద్దానం తీరపు ఉప్పుగాలి, తేమ కూడా తమవంతు హాని చేస్తాయి. నెలల తరబడి షెడ్డులో నిలిచిన కారు ట్యాంకులో నీరు చేరి, తుప్పురేణువులు వచ్చి సూది కింద కూర్చుంటాయి. దీనికి తోడు ఇథనాల్ ఉన్నది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో దాని పాలు 20 శాతానికి చేరింది. అది తేమను పీల్చుకొంటుంది, పాతకాలపు రబ్బరు అమరికలను పాడుచేస్తుంది. అందులోని ఆమ్లజని వలన మిశ్రమం కూడా కొంత పలుచనవుతుంది. ఆ పలుచదనాన్ని సరిదిద్దడానికి ఫ్లోటు మట్టాన్ని పెంచడం కొందరికి అలవాటు. అది పొరపాటు. మిశ్రమాన్ని దిద్దవలసినది జెట్టు దగ్గర. మట్టం దాని కొలతలోనే ఉండాలి.

మట్టాన్ని సరిచేయడానికి ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ తీగ తొలగించాలి, చుట్టుపక్కల బీడీ నిప్పు కూడా ఉండరాదు. గిన్నె మూత విప్పి ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల ద్రవం కదిలిన చప్పుడు వస్తే దానిని మార్చక తప్పదు. చప్పుడు లేకున్నా అనుమానం ఉంటే, ఇత్తడి ఫ్లోటును వేడినీటిలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలు లేస్తాయి. సూది కొనపై అరిగిన వలయం కనిపిస్తే సూదిని, దాని పీటను కలిపి మార్చాలి. ఇవి చూడకుండా మీటను వంచడం, కాలికి ముల్లు గుచ్చుకొంటే చెప్పును కోసినట్లుంటుంది.

పిదప మూతను తలక్రిందులుగా పట్టుకోవాలి. అప్పుడు మీట తన బరువుతోనే సూదిని మూసి ఉంచుతుంది. మీట కొమ్ములకు, మూతకు నడుమ ఒక గుండ్రని కడ్డీని అడ్డంగా ఉంచాలి. పాత హెచ్ రకపు కార్బురేటర్లలో గిన్నె పరిమాణాన్ని బట్టి ఆ కడ్డీ మందం 3/8 అంగుళం గాని, 7/16 అంగుళం గాని ఉంటుంది. సూది మూసుకొని ఉండగా కొమ్ములు కడ్డీకి సరిగ్గా తాకితే మట్టం సరియైనది. కొమ్ములు కడ్డీకి అందక పైన నిలిస్తే మట్టం తక్కువ. కడ్డీ అడ్డుపడి సూది పూర్తిగా మూసుకోకపోతే మట్టం ఎక్కువ. తేడా ఉంటే కొమ్ములను వంచరాదు. అవి కలిసే మొదట్లో మీటను కొద్దికొద్దిగా వంచి, ప్రతిసారీ కొలవాలి. వంచేటప్పుడు సూదిపై ఒత్తిడి పడరాదు.

తరువాతి హెచ్.ఎస్. రకంలో నైలాన్ ఫ్లోటు మూతకే అతుక్కొని ఉంటుంది. అక్కడ తలక్రిందులైన మూత అంచుకు, ఫ్లోటుకు మధ్య 1/8 నుండి 3/16 అంగుళం సందు ఉండాలి. రకం తెలియకుండా ఒకదాని కొలత మరొకదానికి వాడితే బాగున్న కారు చెడుతుంది.

అన్నీ బిగించి, పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూసుకొన్న తరువాతనే జెట్టు మరను ముట్టుకోవాలి. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుతుండగా కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను 1/32 అంగుళం మాత్రం పైకెత్తుతారు. వేగం పెరిగి అలాగే నిలిస్తే మిశ్రమం చిక్కనిది. ఇంజను ఆగిపోతే పలుచనిది. క్షణంపాటు వేగం కాస్త పెరిగి తిరిగి స్థిరపడితే, ఆ బండి మళ్లీ ఉద్దానం ఊళ్లకు బయలుదేరవచ్చు.