భర్త దాచిన జబ్బు భార్యకు రాకూడదు

మదనపల్లె, రాయచోటి, కదిరి, హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాల్లో ఎందరో మగవారికి జీవనోపాధి ఇంటికి దూరంగానే దొరుకుతుంది. ఒకరు లారీ మీద వెళ్తారు, ఒకరు వ్యాపారం కోసం ఊళ్లు తిరుగుతారు, మరొకరు గల్ఫ్‌లో ఉంటారు. అక్కడ కాలు జారినవారు ఆ సంగతి ఇంట్లో చెప్పరు. పరువు పోతుందనే భయంతో డాక్టరు దగ్గరకు కూడా వెళ్లరు. "హకీం సాబ్, ఎవరికీ తెలియకుండా ఏదైనా మాజూన్ ఇవ్వండి" అంటారు. ఈ వారం వారి కోసం, వారి భార్యల కోసం కొన్ని ముఖ్య విషయాలు.

యునానీలో మందు ఉందా?

హెచ్.ఐ.వి. మన దేశంలో మొదటిసారి 1986లో చెన్నైలో బయటపడింది. దీనిని శరీరం నుంచి పూర్తిగా పోగొట్టే మాజూన్ గాని, కుష్తా గాని లేదు. నయం చేస్తామని చెప్పేవారిని నమ్మకండి. మందుల నిబంధనల్లోని షెడ్యూల్ 'జె' ప్రకారం ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందుపైనా చెప్పుకోకూడదు. మనం సుజాక్ అనే గనేరియా, ఆతిషక్ అనే సిఫిలిస్ ఉన్నా ఇంట్లో దాచుకోవద్దు. ఇవి యాంటీబయాటిక్స్‌తో నయమవుతాయి. మర్మావయవాలపై పుండ్లు ఉన్నప్పుడు హెచ్.ఐ.వి. మరింత సులభంగా సోకుతుంది.

భార్య తప్పేమిటి?

గడప దాటని ఇల్లాలికి కూడా భర్త నుంచి ఈ జబ్బు రావచ్చు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. ఆమె గర్భవతి అయినప్పుడు చేసే రక్తపరీక్షలో మొదట బయటపడితే నింద ఆమె మీదే వేస్తారు. ఇది అన్యాయం. తల్లికి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో చికిత్స జరిగితే 5 శాతం కంటే తక్కువ.

ఏం చేయాలి?

* ప్రమాదం జరిగిందని అనుమానం ఉంటే 72 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. సోకకుండా ఆపే మాత్రలు 28 రోజులు వాడాలి.

* బౌరింగ్, విక్టోరియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్తపరీక్ష ఉచితం. 2017 చట్టం ప్రకారం మీ అనుమతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితం గోప్యంగా ఉంచాలి.

* మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. అంతవరకు భార్యతో నిరోధ్ తప్పక వాడండి.

* జబ్బు ఉందని తేలినా అధైర్యపడవద్దు. ఎ.ఆర్.టి. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోజూ క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరి అలాగే నిలిస్తే, సంభోగం ద్వారా జీవిత భాగస్వామికి సోకదు.

* ఆ మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా కుష్తాలు తినవద్దు. ఇనుము, కాల్షియం వంటివి కొన్ని ఎ.ఆర్.టి. మాత్రల బలాన్ని తగ్గిస్తాయి.

నికాహ్‌కు ముందు అమ్మాయికి మాత్రమే కాదు, అబ్బాయికి కూడా పరీక్ష చేయించమని పెద్దలు అడగాలి. దూరప్రాంతం నుంచి తిరిగి వచ్చిన భర్తకు అనుమానం ఉంటే, ముందు పరీక్ష చేయించుకుని తర్వాతే భార్య దగ్గరకు వెళ్లాలి. ఎవరితోనూ చెప్పుకోలేనివారు 1097కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు.